పీల్చిన ఆవిరిలో ఒంటికి పట్టేదెంత? శ్వాసమార్గంలో శోషణను కొలిచే పద్ధతి

థిన్నర్ డబ్బా మూత తీసినా, స్పిరిట్‌తో బల్ల తుడిచినా కొంత ఆవిరి ముక్కులోకి వెళ్తుంది. వెళ్లినదంతా ఒంటికి పట్టదు, కొంత అలాగే బయటికి వచ్చేస్తుంది. ఎంత పట్టిందో కొలిచే పద్ధతి వినడానికి చాలా సులువు. పీల్చే గాలిలో ఎంత ఉందో చూడండి, వదిలే గాలిలో ఎంత ఉందో చూడండి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి.

చిక్కంతా ఆ తీసివేతలోనే ఉంది. ట్యూబు గోడకు అంటుకున్న ఆవిరి, వాల్వ్‌లో చేరిన నీటి చుక్కలో కరిగిన ఆవిరి, మాస్క్ అంచుల నుంచి కారిపోయిన ఆవిరి, ఇవన్నీ కూడా లెక్కలో శోషణలాగే కనిపిస్తాయి. దాన్ని దొంగ శోషణ అనుకోండి. ఈ పనిలో ఎక్కువ శ్రమ పోయేది దాన్ని పట్టుకోవడానికే.

ఇది ఇంట్లో చేసే ప్రయోగం కాదు. వృత్తి ఆరోగ్యం, ఫిజియాలజీ, విషశాస్త్రం లాంటి విభాగాల్లో, అనుభవమున్నవాళ్ల పర్యవేక్షణలో మొదటిసారి ఈ పని మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి, పాల్గొనేవాళ్ల రాతపూర్వక సమ్మతి లేకుండా మౌత్‌పీస్ ఎవరి నోటికీ అందించకండి. గాఢత పని ప్రదేశాలకు పెట్టిన పరిమితిలోనే ఉండాలి. ఉదాహరణగా అసిటోన్ అనే ద్రావకాన్ని తీసుకుంటాను. దానికి అమెరికాలోని ఏసీజీఐహెచ్ సంస్థ పెట్టిన ఎనిమిది గంటల సగటు పరిమితి 250 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 250 పాళ్ల ఆవిరి. మనం 100 పీపీఎం దగ్గర పనిచేద్దాం.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"శోషణ కొలవాలి" అన్న మాటలో కనీసం మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. మొత్తం శ్వాసమార్గంలో నికరంగా ఎంత నిలిచిపోయింది అన్నది ఒకటి. అందులో ముక్కు, గొంతు వరకే ఎంత పట్టింది అన్నది రెండోది. లోపల ఏ లోతులో ఎంత పట్టింది అన్నది మూడోది. మూడింటికీ పరికరాలు వేరు, లెక్కలు వేరు. చాలామందికి కావలసింది మొదటిదే కాబట్టి దాన్ని వివరంగా చెప్తాను. మిగతా రెండింటి గురించి చివర్లో చూద్దాం.

ఆవిరి స్వభావం కూడా ముందే తెలుసుకోండి. చూడాల్సిన అంకె రక్తం-గాలి విభజన గుణకం. అంటే శరీర ఉష్ణోగ్రత దగ్గర సమతాస్థితిలో, గాలిలో ఒక పాలు ఉంటే రక్తంలో ఎన్ని పాళ్లు కరిగి ఉంటుందన్న లెక్క. టోలీన్‌కి అది సుమారు 15, స్టైరీన్‌కి 50 దరిదాపులు, అసిటోన్‌కి 200 పైన, ఇథనాల్‌కి 2000 ప్రాంతం. గుణకం చిన్నదైతే రక్తం త్వరగా నిండిపోతుంది, శోషణ శాతం నిమిషనిమిషానికీ పడిపోతూ ఉంటుంది. గుణకం పెద్దదై, పైగా నీటిలో బాగా కరిగే పదార్థమైతే ముక్కులోని తడి పొర దగ్గరే కథ మొదలవుతుంది. ప్రయోగం ఎంతసేపు నడపాలో, ఏ నిమిషాల సగటు తీసుకోవాలో దీన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

పీల్చే గాలిని తయారుచేయడం

ధ్రువీకరించిన గ్యాస్ సిలిండర్ ఉంటే సగం టెన్షన్ పోతుంది. లేకపోతే పెద్ద బ్యాగులో మీరే కలుపుకోవచ్చు. లెక్క ఇది: 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఒక వాతావరణ పీడనంలో ఒక మోల్ ఆవిరి 24.45 లీటర్లు ఆక్రమిస్తుంది. 100 లీటర్ల బ్యాగులో 100 పీపీఎం కావాలంటే 10 మిల్లీలీటర్ల ఆవిరి ఉండాలి. అంటే 0.000409 మోల్. అసిటోన్ అణుభారం 58.08 కాబట్టి బరువు 23.8 మిల్లీగ్రాములు, ద్రవంగా చూస్తే సుమారు 30 మైక్రోలీటర్లు. మైక్రోసిరంజితో బ్యాగులోకి ఎక్కించి, పూర్తిగా ఆవిరయ్యేదాకా ఆగండి. బ్యాగును రెండు చేతులతో మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే గాలి బాగా కలుస్తుంది.

ఎక్కించినంతా గాలిలోనే ఉందని నమ్మేయకండి. లెక్కలో 100 వచ్చినా వాడాల్సింది అనలైజర్ చూపించిన అంకే. ప్రయోగం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి బ్యాగులోని గాలిని కొలవండి. మధ్యలో అది తగ్గుతూ పోతే బ్యాగు గోడే ఆవిరిని మింగుతోందన్నమాట.

పరికరాల అమరిక

మౌత్‌పీస్, ముక్కుకు క్లిప్, గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకే పోయేలా చేసే రెండు దారుల వాల్వ్, గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్, వదిలిన గాలి కలిసే మిక్సింగ్ చాంబర్, ఆవిరిని కొలిచే అనలైజర్. ఇవే ముఖ్యం. అనలైజర్‌గా గ్యాస్ క్రొమటోగ్రాఫ్, అంటే గాలిలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం, చాలు. ఒక్కో శ్వాసలో గాఢత ఎలా మారుతోందో చూడాలంటే మాత్రం సెకనులో పదో వంతులో స్పందించే మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం) లాంటిది కావాలి.

ట్యూబుల దగ్గర పొదుపు చేయకండి. సిలికోన్ ట్యూబు మెత్తగా, చేతికి వాటంగా ఉంటుంది కానీ ద్రావకాల ఆవిరిని బాగా పీల్చుకుంటుంది, తర్వాత నెమ్మదిగా వదులుతుంది. టెఫ్లాన్ గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ వాడండి. వదిలే గాలి వెళ్లే దారి మొత్తం, వాల్వ్‌తో సహా, శరీర ఉష్ణోగ్రత కన్నా కాస్త వేడిగా ఉంచండి. లేకపోతే ఊపిరిలోని తేమ గోడల మీద చుక్కలు కడుతుంది, అసిటోన్, ఇథనాల్ లాంటివి ఆ చుక్కల్లో కరిగిపోతాయి. తేమ తీసేద్దామని నాఫియాన్ డ్రయ్యర్ (నీటి ఆవిరిని తన గోడగుండా బయటికి పంపేసే ట్యూబు) పెట్టే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. టోలీన్‌కి ఫర్వాలేదు. అసిటోన్, ఆల్కహాల్ లాంటి ధ్రువ పదార్థాలు, అంటే నీటితో సులువుగా కలిసిపోయేవి, మాత్రం నీటితో పాటే అందులోంచి జారిపోతాయి. అలాంటి అమరికలో శోషణ భేషుగ్గా ఎక్కువ వస్తుంది, అదంతా దొంగదే.

మిక్సింగ్ చాంబర్ పరిమాణం కూడా గుర్తుంచుకోవాలి. చాంబర్ 5 లీటర్లు, మనిషి నిమిషానికి వదిలేది 7.5 లీటర్లు అనుకోండి. లోపలి గాలి 95 శాతం మారడానికి రెండు నిమిషాలు పడుతుంది. మొదటి రెండు నిమిషాల రీడింగుల్లో పాత గాలి కూడా కలిసి ఉంటుంది కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకండి.

మనిషి లేకుండా జీరో పరీక్ష

ఈ అడుగును దాటవేసిన ఫలితాలను నేనైతే నమ్మను. స్పైరోమీటర్లను, అంటే ఊపిరి పరిమాణం కొలిచే పరికరాలను, సరిచూసే 3 లీటర్ల సిరంజి తీసుకుని మౌత్‌పీస్ స్థానంలో బిగించండి. నిమిషానికి 15 సార్లు, ఒక్కోసారి అర లీటరు చొప్పున లాగుతూ నెడుతూ ఉండండి. పీల్చడం, వదలడం అంతా జరుగుతోంది కానీ శోషించే ఊపిరితిత్తులు లేవు. కాబట్టి రెండువైపులా రీడింగు ఒకటే రావాలి.

రాదు. మొదటిసారి దాదాపు ఎప్పుడూ రాదు. లోపలికి 100, బయట 94 చూపిస్తే ఆ ఆరూ మీ పరికరాల ఖాతాలోవి. ఎక్కడ పోతోందో ఒక్కో భాగం తీసి చూడండి. ముందు ట్యూబు తీసేసి, సిరంజిని నేరుగా వాల్వ్‌కి బిగించండి. తేడా పోతే తప్పు ట్యూబుది. ఇంకా ఉంటే వాల్వ్ రబ్బరు పొరలు చూడండి. అవి ఆవిరిని పీల్చుకుంటూ ఉండొచ్చు, లేదా సరిగ్గా మూసుకోక గదిలోని గాలి లోపలికి చొరబడుతూ ఉండొచ్చు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. పీల్చే గాలిలో కొంచెం హీలియం లాంటి, దేనిలోనూ పెద్దగా కరగని గ్యాస్ కలపండి. హీలియం కూడా అదే పాళ్లలో తగ్గితే లీకు. హీలియం తగ్గకుండా అసిటోన్ ఒక్కటే తగ్గితే ఏదో గోడ పీల్చుకుంటోంది.

తేడాను 1, 2 శాతానికి దించాకే మనిషిని కూర్చోబెట్టండి. తేమ పెరిగితే అనలైజర్ రీడింగు మారుతుందేమో కూడా ఇప్పుడే చూడండి. ఒకే గాఢత ఉన్న పొడి గాలి, తడి గాలి నేరుగా అనలైజర్‌కి ఇచ్చి పోల్చితే తెలిసిపోతుంది.

మనిషి సిద్ధం కావడం

అసిటోన్ మన ఊపిరిలో మామూలుగానే ఉంటుంది, సాధారణంగా 1 పీపీఎం లోపు. ఉపవాసం ఉంటే అది కొన్ని రెట్లు పెరుగుతుంది. పీల్చేది 100 పీపీఎం అయితే దీని ప్రభావం తక్కువ. 5 పీపీఎంతో పని చేస్తుంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. అందుకే ముందు శుభ్రమైన గాలి పీలుస్తుండగా వదిలే గాలిని కొలిచి, ఆ అంకెను తర్వాతి రీడింగుల నుంచి తీసేయండి. మరీ తక్కువ గాఢతల్లో పనిచేసేవాళ్లు కార్బన్-13తో, అంటే మామూలు కార్బన్ కన్నా కాస్త బరువైన రకంతో, గుర్తు పెట్టిన అసిటోన్ వాడుతారు. మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఏది ఒంటిదో, ఏది బయటిదో బరువును బట్టి తెలిసిపోతుంది.

ఇథనాల్‌తో పనైతే గదిలో శానిటైజర్, మౌత్‌వాష్ ఉండకూడదు. చేతులు తుడుచుకుని వచ్చి మౌత్‌పీస్ బిగించిన సహాయకుడి వల్ల కూడా రోజంతా రీడింగులు పాడవుతాయి.

మనిషిని కనీసం పది నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. మౌత్‌పీస్ నోట్లో పెట్టగానే చాలామంది తెలియకుండానే గట్టిగా ఊపిరి తీస్తారు. ఊపిరి చివర్లో వచ్చే కార్బన్ డయాక్సైడ్ 5 శాతం దగ్గర ఉంటే మామూలుగా పీలుస్తున్నట్టే. అంతకన్నా బాగా పడిపోతుంటే ఇంకొంచెం ఆగండి. తల తిరిగినా, గొంతు మండినా చెయ్యి ఎత్తితే చాలు, వెంటనే ఆపేస్తామని ముందే చెప్పండి.

అసలు కొలత

ఐదు నిమిషాలు శుభ్రమైన గాలి. తర్వాత వాల్వ్ తిప్పి ఆవిరి కలిపిన గాలి, 20 నుంచి 30 నిమిషాలు. మళ్లీ శుభ్రమైన గాలి, కనీసం 10 నిమిషాలు. చివరి భాగాన్ని చాలామంది ఎగ్గొడతారు. అలా చేయొద్దు. ఆవిరి ఆపేశాక మొదటి కొన్ని శ్వాసల్లో వచ్చేది ముఖ్యంగా నోరు, గొంతు, శ్వాసనాళాల తడి పొర తిరిగి వదిలేది. ఆ తర్వాత సన్నగా చాలాసేపు వచ్చేది రక్తంలోంచి. ఈ రెండూ విడివిడిగా కనిపించేది ఇక్కడే.

వదిలే గాలి అంటే మిక్సింగ్ చాంబర్‌లో కలిసిన మొత్తం గాలి. ఊపిరి చివరి భాగాన్ని మాత్రమే పట్టి కొలిస్తే అది ఊపిరితిత్తుల లోతు గాలి గురించి చెప్తుంది, నికర శోషణ గురించి కాదు. ఒక్కో శ్వాసనూ విడిగా చూసేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ప్రవాహ సెన్సర్ వెంటనే స్పందిస్తుంది, గ్యాస్ నమూనా మాత్రం ట్యూబులో ప్రయాణించి ఆలస్యంగా చేరుతుంది. శ్వాస మొత్తం నాలుగు సెకన్లయితే అర సెకను ఆలస్యం చాలు, పీల్చిన గాలి గాఢత వదిలిన గాలి ఖాతాలో పడిపోతుంది. ఆ ఆలస్యాన్ని ముందే కొలిచి రెండు రికార్డులనూ జరిపి సరిచేయండి.

లెక్క వేయడం

సిలిండర్ గాలి పొడిది, రీడింగు 100 పీపీఎం. వదిలిన గాలి తడిది, వేడి ట్యూబులోంచి అలాగే అనలైజర్‌కి వెళ్లింది, రీడింగు 52. శోషణ 48 శాతం అని రాసేద్దామా?

ఆగండి. పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి 37 డిగ్రీలకు వేడెక్కి, పూర్తిగా తేమ పట్టి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతలో నీటి ఆవిరి పీడనం 47 మిల్లీమీటర్ల పాదరసం. మొత్తం 760లో అది 6 శాతం పైనే. అంటే ఒక్క అణువు కూడా ఒంటికి పట్టకపోయినా, నీటి ఆవిరి వచ్చి చేరినందుకే 100 పీపీఎం 93.8 అవుతుంది. పోల్చాల్సింది 52ని 93.8తో. అప్పుడు శోషణ 44.6 శాతం. అసిటోన్ దగ్గర ఈ తేడా పెద్దగా అనిపించకపోవచ్చు. నిజంగా 10 శాతమే శోషణ ఉన్న ఆవిరికి ఇదే పొరపాటు చేస్తే 15.6 శాతం కనిపిస్తుంది.

ఇక నిమిషానికి ఎన్ని మిల్లీగ్రాములు అన్నది. పీల్చిన ఘనపరిమాణం శరీర ఉష్ణోగ్రత, పూర్తి తేమ స్థితిలో 7.5 లీటర్లు. దాన్ని గాఢత లెక్కించిన స్థితికి, అంటే 25 డిగ్రీల పొడి గాలికి మార్చాలి. కెల్విన్‌లో 298ని 310తో భాగించి, 713ని (760లోంచి నీటి ఆవిరి 47 తీసేస్తే మిగిలేది) 760తో భాగించి, రెండింటినీ 7.5తో గుణిస్తే 6.76 లీటర్లు. 100 పీపీఎం అసిటోన్ అంటే ఘనమీటరుకు 237.5 మిల్లీగ్రాములు. నిమిషానికి లోపలికి వెళ్లింది 1.61 మిల్లీగ్రాములు, అందులో 44.6 శాతం 0.72 మిల్లీగ్రాములు. ఈ సవరణలేవీ లేకుండా 7.5నీ 48 శాతాన్నీ వాడేస్తే 0.86 వస్తుంది. దాదాపు 19 శాతం ఎక్కువ. రీడింగులన్నీ సరిగ్గా తీసుకున్నా లెక్కలో వచ్చే తప్పు ఇది.

వదిలిన గాలి పరిమాణం పీల్చిన దానికన్నా కాస్త తక్కువ ఉంటుంది. తీసుకున్న ఆక్సిజన్ కన్నా వదిలిన కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి. విశ్రాంతిలో ఈ తేడా 1 శాతం లోపే, దాన్ని పక్కనపెట్టొచ్చు.

వచ్చిన అంకె ఏం చెప్తోంది

అర లీటరు శ్వాసలో సుమారు 150 మిల్లీలీటర్లు డెడ్ స్పేస్‌లోనే, అంటే ముక్కు నుంచి శ్వాసనాళాల దాకా ఉన్న దారిలోనే ఉండిపోయి, వాయుగోణులకు చేరకుండా వెనక్కి వస్తుంది. ఆ దారి ఆవిరిని ఏమీ చేయదనుకుంటే, ఎంత బాగా కరిగే పదార్థానికైనా శోషణ 70 శాతం దాటదు. రక్తంలో ఎంత ఎక్కువ కరిగితే ఆ 70కి అంత దగ్గరవ్వాలి. స్టైరీన్ అలాగే చేస్తుంది, మనుషుల్లో 60, 70 శాతం మధ్య వస్తుంది. అసిటోన్ దానికన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ కరుగుతుంది కదా, మరి దానికి సగం దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ఎందుకంటే ఆ దారి ఊరికే ఉండదు. అసిటోన్ నీటిలో బాగా కరుగుతుంది. పీల్చేటప్పుడు ముక్కు, గొంతు, శ్వాసనాళాల తడి పొర దాన్ని పట్టుకుంటుంది, లోతుకు వెళ్లే గాలిలో గాఢత తగ్గిపోతుంది. లోపల మిగిలింది రక్తంలోకి పోయాక, దాదాపు శుభ్రమైన గాలి అదే దారిన వెనక్కి వస్తుంది. అప్పుడు తడి పొర తాను పట్టుకున్నదాన్ని ఆ గాలికి తిరిగి ఇచ్చేస్తుంది. పీల్చినప్పుడు తీసుకుంది, వదిలినప్పుడు ఇచ్చేసింది. రక్తం ఆ కొద్ది సెకన్లలో తీసుకుపోయిందే నికరం. నీటిలో కలిసే ద్రావకాల్లో కనిపించే ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1991లో గణిత నమూనాగా కట్టారు.

ఇది మీ ప్రయోగంలోనూ కనిపిస్తుందా అని చూడాలంటే దారి మార్చండి. క్లిప్, మౌత్‌పీస్ బదులు మాస్క్ పెట్టి, ఒక రోజు ముక్కుతో పీల్చి ముక్కుతోనే వదలమనండి. ఇంకో రోజు ముక్కుతో పీల్చి నోటితో వదలమనండి. రెండో పద్ధతిలో ముక్కు పొర పట్టుకున్నదాన్ని వెనక్కి తీసుకునే గాలి లేదు కాబట్టి శోషణ పెరగాలి. టోలీన్‌తో చేస్తే ఈ తేడా అంతగా ఉండదు, అది నీటిలో పెద్దగా కరగదు.

ముక్కును మాత్రమే కొలవాలంటే

మనిషి మెత్తని అంగిలిని పైకి ఎత్తి గొంతు వైపు దారి మూసి ఉంచితే, ఒక ముక్కు రంధ్రంలోంచి గాలి పంపి రెండో దాంట్లోంచి బయటికి తీయొచ్చు. లోపలికీ బయటికీ తేడాయే ముక్కు పట్టినది. కాస్త అభ్యాసం చేస్తే చాలామందికి వస్తుంది. రెండో మార్గం, సన్నని గొట్టాన్ని ముక్కు వెనక భాగం దాకా పంపి వేగంగా స్పందించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి కలపడం. దీనికి ఈఎన్‌టీ డాక్టర్ పక్కన ఉండాలి.

మొదటి పద్ధతిలో గాలి ఒకే దిశలో పోతుంది. తిరిగి ఇచ్చే అవకాశమే లేదు కాబట్టి శాతం ఎక్కువ వస్తుంది, దాన్ని మామూలు శ్వాసకు అంటగట్టకూడదు. ప్రవాహం పెంచితే శాతం తగ్గుతుంది, నిమిషానికి పట్టే మొత్తం మాత్రం పెరుగుతుంది. ఒకే ప్రవాహం దగ్గర తీసిన ఒక్క అంకె పనికిరాదు, కనీసం మూడు ప్రవాహాల దగ్గర తీయండి. ఇథైల్ అసిటేట్, అసిటాల్డిహైడ్ లాంటివైతే ముక్కు పొరలోని ఎంజైములు వాటిని అక్కడికక్కడే విడగొడతాయి. పొరలో అవి పేరుకోవు కాబట్టి ఇంకా ఇంకా పడుతూనే ఉంటాయి. ఎలుకల ముక్కులో కొలిచిన విలువలు పట్టికల్లో చాలా దొరుకుతాయి. ఎలుక నోటితో శ్వాసించదు, దాని ముక్కు లోపలి మడతలూ వేరు. ఆ అంకెను తెచ్చి మనిషి లెక్కలో పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

ఏ లోతులో ఎంత అన్నది తెలియాలంటే శ్వాస మధ్యలో కొద్దిపాటి గ్యాస్‌ను ఒక్క చిటికెలో వదిలి, ఆ చిన్న మోతాదు ఎంత లోతుకు వెళ్లి ఎంత తిరిగి వచ్చిందో చూడాలి. శ్వాస మొదట్లో వదిలితే లోతుకు పోతుంది, చివర్లో వదిలితే గొంతు దగ్గరే ఆగుతుంది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ అల్ట్‌మన్ బృందం 1990ల్లో ఈ పద్ధతితో ఓజోన్, క్లోరిన్ కొలిచింది. మామూలు శ్వాసలో క్లోరిన్ దాదాపు అంతా పై దారిలోనే పట్టేసింది. ఓజోన్‌లో చెప్పుకోదగ్గ భాగం ఇంకా కిందికి, శ్వాసనాళాల దాకా వెళ్లింది. మొదటి కొలత గట్టిగా పట్టుబడ్డాకే దీని జోలికి వెళ్లండి, సెన్సర్ వేగం, సమయాల సవరణ ఇందులో చాలా కఠినంగా ఉంటాయి.

ఫలితాలు రాసేటప్పుడు

శాతం ఒక్కటే రాస్తే ఇంకొకరికి ఉపయోగపడదు. నోటితోనా ముక్కుతోనా, నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఒక్కో శ్వాస ఎంత, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా సగటు, గాఢత పొడి గాలి లెక్కా తడి గాలి లెక్కా, ఇవన్నీ దాని పక్కనే ఉండాలి. జీరో పరీక్షలో వచ్చిన నష్టాన్ని విడిగా ఒక వరుసలో చూపించండి. దాన్ని ఫలితంలోంచి మీరే తీసేసి ఉంటే ఆ సంగతి కూడా రాయండి, చదివినవాళ్లు రెండోసారి తీసేయకుండా.